చెక్ భాష కథ – 3: తెల్లకొండ నుంచి విశ్వవిద్యాలయం దాకా

గత రెండు భాగాల్లో చూసింది ఒకసారి గుర్తు చేసుకుందాం. 863లో మొరావియా పాలకుడు రస్తిస్లావ్ పిలుపు మీద గ్రీకు సోదరులు సిరిల్, మెథోడియస్ వచ్చి స్లావ్ జనం మాటకు తొలి లిపిని ఇచ్చారు. బొహీమియాలో ఆ సంప్రదాయం 11వ శతాబ్దం చివరిదాకా సాజవా మఠంలో నిలిచింది. తర్వాత లాటిన్ ఒక్కటే మిగిలింది. 1300 ప్రాంతం నుంచి చెక్‌లో కావ్యాలు, చరిత్రలు పుట్టాయి. 15వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఒక లేఖన గ్రంథం, ఒక్కో ధ్వనికి రెండు మూడు లాటిన్ అక్షరాలు గుదిగుచ్చే పాత పద్ధతిని కాదని, ఒకే అక్షరం మీద చుక్కో గీతో పెట్టి రాయమంది. మత సంస్కర్త యాన్ హుస్ రచనగా దానికి పేరు. నేటి చెక్ రాత దాని నుంచి పెరిగినదే. 1579–1594 మధ్య 'సోదర సమాజం' పండితులు హీబ్రూ, గ్రీకు మూలాల నుంచి బైబిల్‌ను అనువదించి, మొరావియాలోని క్రాలిత్సె గ్రామంలో ఆరు సంపుటాలుగా అచ్చు వేశారు. 1615లో బొహీమియా శాసనసభ ఇంకో అడుగు వేసింది. బయటి నుంచి వచ్చి స్థిరపడేవాళ్లు చెక్ నేర్చుకుంటేనే పౌరులవుతారని చట్టం చేసింది. ఆ ఉచ్చస్థితి దగ్గర కథ ఆపాం.

రెండు గంటల యుద్ధం

1620 నవంబరు 8న ప్రాగ్‌కు పడమటి పక్క బీలా హోరా, అంటే తెల్లకొండ, మీద యుద్ధం జరిగింది. ఒకవైపు హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ సేనలు, ఇంకోవైపు ఆయన మీద తిరగబడ్డ బొహీమియా ప్రభువుల సేనలు. రెండు గంటలు తిరక్కుండానే ప్రభువుల పక్షం చెదిరిపోయింది. మరుసటి ఏడాది జూన్ 21న ప్రాగ్ పాతనగరం కూడలిలో 27 మందికి మరణశిక్ష అమలు చేశారు. వాళ్లలో ప్రాగ్ విశ్వవిద్యాలయం అధిపతి, వైద్యుడు యాన్ యెసెనియుస్ ఒకరు. తల నరికే ముందు ఆయన నాలుక కోశారు.

ఈ తిరుగుబాటు భాష కోసం జరిగింది కాదు. మతం కోసం, ప్రభువుల హక్కుల కోసం జరిగింది. మరణశిక్షకు గురైనవాళ్లలో జర్మన్ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అయినా దెబ్బ చెక్ భాషకు గట్టిగా తగిలింది. 1627లో బొహీమియాకు, 1628లో మొరావియాకు కొత్త రాజశాసనం వచ్చింది. కేథలిక్ మతం ఒక్కటే చెల్లుతుందని, జర్మన్‌కు చెక్‌తో సమాన హోదా ఉంటుందని అందులో రాశారు. మతం మారని ప్రభువులు, పట్టణ పెద్దలు దేశం విడిచిపోయారు. స్వాధీనం చేసుకున్న ఎస్టేట్లు చక్రవర్తికి నమ్మకస్తులైన కుటుంబాల చేతికి వెళ్లాయి. వాళ్లలో చాలామంది పరదేశీయులు.

సమాన హోదా అన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే అధికారం, ఆస్తి, పెద్ద కొలువులు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల భాషే పైకొస్తుంది. చెక్‌ను ఆ తర్వాత ఏ శాసనమూ నిషేధించలేదు. దాని పనులు మాత్రం ఒక్కొక్కటే చేజారాయి. కచేరీల్లో, ప్రభువుల ఇళ్లలో జర్మన్ కుదురుకుంది. పైచదువు లాటిన్‌లోనే సాగింది. పట్టణాల్లో వ్యాపారం, చేతిపనుల సంఘాల లెక్కలు జర్మన్ వైపు మళ్లాయి. చెక్‌కు పొలం, వంటిల్లు, పల్లెలో ఆదివారం ప్రసంగం మిగిలాయి. భాషకు పని తగ్గితే మాటలు తగ్గుతాయి. ఖగోళం గురించో న్యాయం గురించో రాయాల్సిన అవసరం లేని భాషలో ఆ మాటలు వాడకం లేక మరుగున పడతాయి.

దాచిన పుస్తకాలు

వలసపోయినవాళ్లలో యాన్ అమోస్ కొమెన్‌స్కీ ఒకరు. లోకం ఆయన్ను కొమీనియస్ పేరుతో ఎరుగును. బొమ్మలతో పిల్లలకు పాఠం చెప్పే ఆయన పుస్తకం 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చై యూరప్ అంతా పాకింది. ఆ బోధకుడు నలభై ఏళ్లకు పైగా ఇంకో పని కూడా చేశారు. చెక్ భాషా భాండాగారం పేరుతో ఒక మహా నిఘంటువు కోసం మాటలు పోగుచేశారు. 1656లో పోలండ్‌లోని లెష్నో పట్టణం తగలబడినప్పుడు ఆ రాతప్రతులు బూడిదయ్యాయి. ఆ నష్టాన్ని పూడ్చే పెద్ద నిఘంటువు కోసం చెక్ భాష మరో 180 ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది.

దేశం లోపల ప్రొటెస్టెంట్ పుస్తకాలను వెతికి తగలబెట్టే పని జెస్యూట్ సంఘం గురువులు చేపట్టారు. అందులో బాగా పేరుమోసినవాడు ఆంటొనీన్ కొనియాష్. ఏ పుస్తకాలు చదవకూడదో చెప్పే పెద్ద జాబితాను ఆయన 1729లో హ్రాదెత్స్ క్రాలొవేలో అచ్చు వేయించారు. చెక్‌లో అప్పటిదాకా వచ్చిన మేలైన గ్రంథాల్లో ఎక్కువ భాగం ప్రొటెస్టెంట్లు రాసినవే కాబట్టి, మతం పేరుతో కాల్చినా కాలింది భాష ఆస్తే.

అదే సంఘంలో దీనికి ఎదురు నిలిచిన మనిషీ ఉన్నాడు. జెస్యూట్ చరిత్రకారుడు బొహుస్లావ్ బాల్బీన్ 1670ల్లో స్లావ్ భాషల తరఫున, ముఖ్యంగా చెక్ తరఫున, ఒక వాదన రాశారు. భాషను కాపాడమని అడిగిన ఆ పుస్తకం లాటిన్‌లో ఉంది. పండితులు చదవాలంటే అప్పుడు అదే దారి. అది వెంటనే వెలుగు చూడలేదు. వందేళ్ల తర్వాత, 1775లో, ఫ్రాంటిషెక్ మార్టిన్ పెల్త్‌సల్ దాన్ని అచ్చు వేశారు.

క్రాలిత్సె బైబిల్ మాత్రం చావలేదు. బొహీమియా, మొరావియా పల్లెల్లో రహస్యంగా దాచుకుని చదివారు. హంగరీ రాజ్యంలో భాగంగా ఉన్న స్లొవాక్ ప్రాంతంలో లూథరన్ చర్చిలు దాన్ని బాహాటంగానే వాడాయి. అక్కడి ప్రార్థన భాషగా ఆ పాత చెక్ 20వ శతాబ్దందాకా కొనసాగింది. తర్వాత భాషను లేపి నిలబెట్టబోయేవాళ్లకు కొలబద్దగా దొరికింది ఈ గ్రంథమే.

చక్రవర్తులు తెరిచిన తలుపు

18వ శతాబ్దం రెండో సగంలో వియన్నా ప్రభుత్వం తన రాజ్యాన్ని ఆధునికం చేయాలనుకుంది. 1774లో మహారాణి మరియా తెరీసా బడి చదువు తప్పనిసరి చేసింది. 1781లో ఆమె కొడుకు రెండో జోసెఫ్ బొహీమియా రైతులను వ్యక్తిగత దాస్యం నుంచి విడిపించాడు. ఊరు వదలాలన్నా, పెళ్లాడాలన్నా, పిల్లల్ని పనికో చదువుకో పంపాలన్నా జమీందారు అనుమతి అక్కర్లేకుండా పోయింది. అదే ఏడాది ప్రొటెస్టెంట్లకు ఆరాధన స్వేచ్ఛ దొరికింది. ఇంకోపక్క అదే జోసెఫ్ పరిపాలన అంతా జర్మన్‌లో సాగాలన్నాడు. ఉన్నత పాఠశాలల్లో, విశ్వవిద్యాలయంలో లాటిన్ పీఠం జర్మన్‌కు దక్కింది.

ఈ సంస్కరణలు చెక్‌ను రెండు వైపులా లాగాయి. పైమెట్లన్నీ జర్మన్‌వి అయ్యాయి. కింద పల్లెబడుల్లో లక్షల మంది పిల్లలు తమ మాటలోనే అక్షరాలు నేర్చుకున్నారు. పల్లెల నుంచి చెక్ మాట్లాడే జనం పట్టణాలకు తరలివచ్చారు. అంటే చదివేవాళ్లు పుట్టారు. వాళ్లకు చదవడానికి పుస్తకాలు కావాలి.

ఆ అవసరం కనిపెట్టినవాడు వాత్స్లావ్ మాత్యేయ్ క్రమేరియుస్. 1790లో ప్రాగ్‌లో 'చెక్ ఎక్స్‌పెడిషన్' పేరుతో ప్రచురణ సంస్థ పెట్టి, వార్తాపత్రిక, పంచాంగాలు, ప్రయాణ కథలు, వ్యవసాయ సలహాలు పల్లెలకు చేరవేశాడు. 1786లో ప్రాగ్ గుర్రాల సంతలో చెక్కలతో ఒక నాటకశాల లేచింది. దాన్ని జనం 'బౌడా' అన్నారు, గుడిసె అని అర్థం. మూడేళ్లు నిలిచిన ఆ గుడిసెలో చెక్ నాటకాలు ఆడారు. 1790ల మొదట్లో ప్రాగ్ విశ్వవిద్యాలయంలో చెక్ భాషకు ఆచార్య పదవి ఏర్పడింది. బాల్బీన్ పుస్తకాన్ని అచ్చు వేసిన పెల్త్‌సల్ అందులో తొలి ఆచార్యుడయ్యారు.

కొలత దొరికింది

మాట్లాడేవాళ్లు ఉన్నారు, చదివేవాళ్లు ఉన్నారు. ఎలా రాయాలన్న విషయంలోనే గందరగోళం. రెండు శతాబ్దాల్లో వాడుక బాగా మారిపోయింది. ఎవరికి తోచిన మాటలు వాళ్లు కల్పించేవాళ్లు. ఈ చిక్కు విప్పినవారు యొసెఫ్ డొబ్రొవ్‌స్కీ.

ఆయన 1753లో హంగరీలో ఒక సైనికుడి ఇంట పుట్టారు. జర్మన్ మాటతో పెరిగి, చెక్‌ను బడిలో నేర్చుకున్నారు. జెస్యూట్ సంఘంలో శిక్షణలో ఉండగా 1773లో ఆ సంఘమే రద్దయింది. తర్వాత ఆయన స్లావ్ భాషల పరిశోధనకు అంకితమై, ఆ శాస్త్రానికే మూలపురుషుడయ్యారు. 1791లో చక్రవర్తి రెండో లియోపోల్డ్ పట్టాభిషేకానికి ప్రాగ్ వచ్చినప్పుడు, పండిత సభలో ఆయన ఎదుటే స్లావ్ ప్రజల విశ్వాసం గురించి మాట్లాడి, వాళ్ల భాషకు రక్షణ కోరారు. 1792లో చెక్ భాషా సాహిత్యాల చరిత్ర, 1809లో సమగ్ర చెక్ వ్యాకరణం వెలువరించారు. రెండూ జర్మన్‌లోనే రాశారు. చెక్ మళ్లీ పండితుల భాష కాగలదన్న గట్టి నమ్మకం ఆయనకు లేదు. ఉన్నదాన్ని శాస్త్రబద్ధంగా వివరించడమే తన పని అనుకున్నారు.

ఆ వివరణకు ఆయన తీసుకున్న ప్రమాణం తన కాలపు వాడుక కాదు. క్రాలిత్సె బైబిల్, ముద్రాపకుడు దనియెల్ ఆదమ్ వెలెస్లవీన్ పుస్తకాలు వచ్చిన 16వ శతాబ్దపు భాష. ఒక వెలుగు యుగం నుంచి తీసుకున్న ఆ కొలతను తర్వాతి తరం ఒప్పుకుంది. చెదిరిన భాషకు ఒక్కసారిగా వెన్నెముక దొరికింది.

పంతులు పూనిక

వ్యాకరణం దొరికాక కావలసింది మాటలు. ఆ బరువు మోసినవారు యొసెఫ్ యుంగ్‌మన్. 1773లో హుద్లిత్సె అనే పల్లెలో పది మంది పిల్లల ఇంట పుట్టారు. జర్మన్‌లోనే పై చదువు చదివి, 1799లో లితొమ్యెర్జిత్సె ఉన్నత పాఠశాలలో పంతులుగా చేరారు. అది ఎక్కువగా జర్మన్ మాట్లాడే పట్టణం. మనకు దొరికిన తొలి చెక్ వాక్యాలు ఆ ఊరి చర్చి దానపత్రం చివర 13వ శతాబ్దంలో ఎవరో చేర్చినవే. అక్కడ యుంగ్‌మన్ చెక్ పాఠం జీతం తీసుకోకుండా చెప్పారు.

1806లో ఆయన చెక్ భాష గురించి రెండు సంభాషణలు ప్రచురించారు. మొదటి దాంట్లో పరలోకంలో ఉన్న వెలెస్లవీన్‌కు ఆ కాలపు చెక్ మనిషి ఒకడు ఎదురవుతాడు. జర్మన్ కలగలిసిన అతని మాట ఆ పెద్దాయనకు అర్థమే కాదు. రెండు వందల ఏళ్లలో జరిగిన నష్టాన్ని పాఠకుడి కళ్లకు కట్టడానికి ఆ ఒక్క సన్నివేశం చాలింది. భాషే జాతి అన్న వాదనను ఆయన అక్కడ సూటిగా నిలబెట్టారు. ఆ వాదనకు ఒక కఠినమైన వైపు ఉంది. బొహీమియాలో తరతరాలుగా ఉంటున్న జర్మన్ భాషీయులకు అందులో చోటు లేదు. ఆ చీలిక ఫలితాలు 20వ శతాబ్దంలో ఎంత భయంకరంగా బయటపడ్డాయో ముందు ముందు చూస్తాం.

యుంగ్‌మన్ వాదనతో ఆగలేదు. చెక్‌లో గొప్ప సాహిత్యం పలుకుతుందా అని సందేహించేవాళ్లకు 1811లో మిల్టన్ మహాకావ్యం 'పారడైజ్ లాస్ట్' అనువాదంతో జవాబిచ్చారు. అందులో వేల పంక్తులకు సరిపడే మాటలు ఆయన మూడు చోట్ల నుంచి తెచ్చారు. పాత చెక్ గ్రంథాల్లో మరుగుపడ్డవి వెలికితీశారు. ఉన్న ధాతువుల నుంచి కొత్తవి కట్టారు. మిగిలినవి రష్యన్, పోలిష్ వంటి చుట్టపు భాషల నుంచి చెక్ ఉచ్చారణకు తగ్గట్టు మార్చి తీసుకున్నారు. గాలికి 'వ్‌జ్దుఖ్', ప్రకృతికి 'ప్ర్షీరొదా' అనే మాటలు ఆ తరంలో రష్యన్ నుంచి వచ్చినవే. ఇవాళ ఏ చెక్ పిల్లవాడికీ అవి అరువు మాటలని తెలియదు.

ఆయన జీవితకాలపు కృషి చెక్–జర్మన్ నిఘంటువు. 1834 నుంచి 1839 వరకు ఐదు సంపుటాలుగా, దాదాపు 1,20,000 మాటలతో వచ్చింది. దాన్ని అచ్చు వేయడానికి డబ్బు కావాలి. చరిత్రకారుడు ఫ్రాంటిషెక్ పలాట్‌స్కీ ప్రభృతులు 1831లో ప్రాగ్ మ్యూజియం ఆధ్వర్యంలో 'మాతిత్సె చెస్కా' అనే నిధిని స్థాపించారు. చందాలు వేసుకుని పుస్తకాలు ప్రచురించే ఈ సంస్థ యుంగ్‌మన్ నిఘంటువును గట్టెక్కించింది. మంటల్లో పోయిన కొమెన్‌స్కీ భాండాగారానికి వారసత్వం ఇలా దక్కింది. ఒకప్పటి లితొమ్యెర్జిత్సె పంతులు 1840లో ప్రాగ్ విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యారు.

శాస్త్రం మాట్లాడిన చెక్

కావ్యం ఒక్కటే భాషను నిలపదు. ప్రయోగశాలలో, బడిలో, మందుల కొట్లో అక్కరకు రావాలి. ఈ పని వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త యాన్ స్వతొప్లుక్ ప్రెస్ల్ తలకెత్తుకున్నారు. 1821లో 'క్రొక్' అనే చెక్ శాస్త్ర పత్రిక మొదలుపెట్టారు. 1828 నుంచి రసాయన శాస్త్రాన్ని చెక్‌లో సంపుటాలుగా రాశారు. మొక్కలకు, జంతువులకు, మూలకాలకు పేర్లు పెట్టారు.

నీటిని చెక్‌లో 'వొదా' అంటారు, హైడ్రోజన్‌కు 'వొద్యీక్' అని పేరు వచ్చింది. పులుపు నుంచి ఆక్సిజన్‌కు 'కిస్లీక్' పుట్టింది. మన పాత పాఠ్యపుస్తకాల్లో ఉదజని, ఆమ్లజని అన్న పద్ధతే ఇది. వొద్యీక్, కిస్లీక్ నేటికీ చెక్ బడుల్లో నిలిచాయి. పెంగ్విన్‌కు 'టుచ్‌న్యాక్', కంగారూకు 'క్లొకన్' అని ప్రెస్ల్ పెట్టిన పేర్లు పిల్లల పుస్తకాల్లోకి ఎక్కాయి. అన్నీ నిలవలేదు. క్లోరిన్‌కు ఉప్పు నుంచి తెచ్చిన 'సొలీక్', అయోడిన్‌కు సముద్రపు నాచు నుంచి తెచ్చిన 'ఖలుజీక్' రాలిపోయాయి, అంతర్జాతీయ పేర్లే వాడుకలో మిగిలాయి. వాడేవాళ్లు ఒప్పుకున్నవి బతికాయి, ఒప్పుకోనివి పోయాయి. ప్రెస్ల్ అన్ని పేర్లూ కలిపి జనం ముందు పెట్టారు కనుకనే ఈ ఎంపిక జరిగింది. పరిభాష తయారయ్యాకే శాస్త్రం రాద్దామని కూర్చుని ఉంటే రెండూ వచ్చేవి కావు.

రాత కూడా ఈ దశాబ్దాల్లోనే చక్కబడింది. గోతిక్ అచ్చు పోయి రోమన్ అచ్చు వచ్చింది. 1840ల్లో జరిగిన సంస్కరణలు దీర్ఘ 'ఈ' మొదలైన ధ్వనుల రాతను క్రమం చేశాయి. ఇవాళ్టి చెక్ పుస్తకం దాదాపు 1849 నాటికి కుదిరిన పద్ధతిలోనే ఉంటుంది.

దొంగ ప్రతులు

ఈ కథలో ఒక మచ్చ ఉంది. 1817లో వాత్స్లావ్ హంకా అనే యువ పండితుడు ద్వూర్ క్రాలొవే పట్టణపు చర్చిలో ప్రాచీన చెక్ వీరగాథల రాతప్రతి దొరికిందన్నాడు. మరుసటి ఏడాది ఇంకోటి, మరింత పాతదిగా కనిపించేది, ఎవరు పంపారో తెలియకుండా మ్యూజియం పెద్దలకు చేరింది. తమకూ జర్మన్లకు దీటైన ప్రాచీన కావ్యాలున్నాయని జనం పొంగిపోయారు. చిత్రకారులు ఆ గాథలు గీశారు, కవులు వాటి బాణీలో రాశారు.

హంకాకు గురువైన డొబ్రొవ్‌స్కీ రెండో ప్రతిని చూస్తూనే మోసమన్నారు. 1824లో ఆ మాట అచ్చులోనే చెప్పారు. దేశభక్తి లేనివాడని ఆయన్ను నిందించారు. 1886లో భాషా శాస్త్రవేత్త యాన్ గెబౌఎర్, తత్వాచార్యుడు తొమాష్ మసారిక్ 'అథెనేయుమ్' పత్రికలో ఈ చర్చను తిరిగి లేవదీశారు. ఆ ప్రతుల్లోని వ్యాకరణ రూపాలు అసలైన పాత చెక్‌తో పొసగవని గెబౌఎర్ చూపారు. వాళ్లకూ దేశద్రోహులన్న తిట్లు తప్పలేదు. అవి హంకా, అతని మిత్రుడు లిండా కల్పించినవని తర్వాతి పండితులు తేల్చారు. ఒక భాష గౌరవం అబద్ధపు ప్రాచీనత మీద నిలవకూడదని మసారిక్ పట్టుబట్టారు. 1918లో స్వతంత్ర చెకొస్లొవాకియాకు తొలి అధ్యక్షుడయింది ఆయనే.

చెల్లించిన మూల్యం

16వ శతాబ్దపు భాషను ప్రమాణంగా తీసుకున్నందుకు ఒక ఖర్చు తప్పలేదు. ఆ రెండు వందల ఏళ్లలో బొహీమియా జనం నోట ధ్వనులు మారిపోయాయి. రాతలో 'దొబ్రీ' (మంచి) అని ఉంటే నోట 'దొబ్రెయ్' అంటారు. పాలు రాతలో 'మ్లేకొ', నోట 'మ్లీకొ'. కిటికీ రాతలో 'ఒక్నొ', నోట 'వొక్నొ'. గ్రాంథికం ఒక దారి, వాడుక ఒక దారి అయ్యాయి. నేటికీ ప్రాగ్ మనిషి ఇంట్లో మాట్లాడే చెక్ వేరు, ఉత్తరంలో రాసే చెక్ వేరు. డొబ్రొవ్‌స్కీ తన కాలపు నోటిమాటను ఎంచుకుని ఉంటే ఈ అగాధం ఉండేది కాదని అనేవాళ్లున్నారు. అయితే అప్పటి నోటిమాటలో ఊరికో తీరు. అందరూ తలవంచే గ్రంథం ఒకటి ఉండటం వల్లనే ప్రాగ్ పండితుడు, మొరావియా పల్లె పంతులు ఒకే రాత భాష దగ్గర కలవగలిగారు. ఆ ఎంపిక సరైనదేనని నా అభిప్రాయం.

గడప దాటిన రోజు

19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి మార్పు స్పష్టంగా కనిపించింది. పలాట్‌స్కీ తన బొహీమియా చరిత్రను 1836లో జర్మన్‌లో మొదలుపెట్టారు. 1848 నుంచి దాన్ని చెక్‌లో వెలువరించారు. 1855లో బొజెనా న్యెమ్‌త్సొవా నవల 'బబిచ్క' వచ్చింది. ఒక పల్లె అమ్మమ్మ కథ చెప్పే ఆ వచనంలో పండితుల కష్టం, పల్లెజనం పలుకుబడి ఒకటయ్యాయి. జర్మన్ చదువుతో పెరిగిన సంగీతకర్త బెద్‌ర్‌జిఖ్ స్మెతనా పెద్దయ్యాక చెక్ రాయడం నేర్చుకున్నారు. 1881లో జాతీయ నాటకశాల ఆయన ఒపేరా 'లిబుషె'తోనే తెరుచుకుంది. రెండు నెలలకే ఆ భవనం అగ్నికి ఆహుతైతే జనం మళ్లీ చందాలు పోగుచేసి 1883లో తిరిగి తెరిచారు.

1880లో వియన్నా ప్రభుత్వం బొహీమియా, మొరావియా కార్యాలయాలు ప్రజలకు వాళ్ల భాషలోనే జవాబివ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. 1882లో ప్రాగ్ విశ్వవిద్యాలయం చెక్, జర్మన్ శాఖలుగా రెండైంది. చెక్‌కు పండితుల భాష అయ్యే యోగం ఉందా అని డొబ్రొవ్‌స్కీ సందేహించిన తొంభై ఏళ్లకే వైద్యం, న్యాయం, గణితం చెక్‌లో బోధించే ఆచార్యులు పాఠం మొదలుపెట్టారు.

ఈ తొంభై ఏళ్ల పనిని చేసినవాళ్లెవరో గమనించండి. బడిపంతుళ్లు, చర్చి గురువులు, వైద్యులు, అచ్చుకూటాల యజమానులు, చందాలిచ్చిన మామూలు జనం. వాళ్లకు రాజ్యం లేదు, సైన్యం లేదు. భాషను పొగుడుతూ కూర్చోక, దానికి వ్యాకరణం, నిఘంటువు, పాఠ్యపుస్తకం, పత్రిక, నాటకం సమకూర్చారు. తల్లిభాష గురించి బెంగపడే ప్రతి పాఠకుడూ ఈ జాబితాను దగ్గర పెట్టుకుని, తన భాషలో ఇందులో ఏది లోపించిందో చూసి, ఆ ఒక్క పనికి చేయి వేయాలని నా విన్నపం.

వచ్చే భాగంలో: 1897లో ఆస్ట్రియా ప్రధాని బదేనీ భాషా ఉత్తర్వులు రేపిన అల్లర్లు, 1926లో పుట్టిన ప్రాగ్ భాషాశాస్త్ర మండలి.

(సశేషం)